పూస గుచ్చేంత పొద్దు

ఈ రాత్రి 8 గంటల 33 నిమిషాలకు మన ఊళ్లో ఏమీ జరగదు. అప్పటికి మీరు కంచం ముందో, టీవీ ముందో కూర్చుని ఉంటారు. ఆదిలాబాద్ వాళ్లయితే బొంత కింద దూరిపోయి ఉంటారు. చప్పుడు కాదు, వెలుగు మారదు. కానీ ఆ నిమిషానికే పొద్దు దక్షిణానికి పోగలిగినంత దూరం పోయి, ఇక చాలనుకుని మళ్లుతుంది. ఏడాదిలోకెల్లా పొడుగైన రాత్రి ఇదే.

పంచాంగం తిరగేస్తే ఇంకో ముచ్చట కనిపించింది. పుష్యమాసం మొదలయ్యేదీ ఇవాళే. నిన్న పొద్దున ఏడు దాటినాక అమావాస్య వెళ్లిపోయింది, ఇవాళ సూర్యోదయానికి పాడ్యమి ఉంది. చంద్రుడి నెల మొదలు, సూర్యుడి మలుపు ఒకే తేదీన పడటం ఏటా జరిగేది కాదు. పైగా 2025 డిసెంబర్ 21 ఆదివారం. ముహూర్తాల మీద నాకు పెద్దగా గురి లేదు గానీ, సెలవు గురించి రాయడానికి ఇంతకన్నా మంచి ముహూర్తం దొరకదు.

పుష్యం పొద్దు గురించి మన దగ్గర సామెత ఉంది. మార్గశిరంలో మాట్లాడ పొద్దుండదు, పుష్యంలో పూస గుచ్చ పొద్దుండదు. చిన్నప్పుడు నేను దీన్ని అక్షరాలా నమ్మిన. ఒక పుష్యంలో మా అవ్వ నల్లపూసల దండ తెగింది. వాకిట్లో చాప పరిచి, పూసలు ఏరుకొచ్చి, దారానికి ఎక్కించడం మొదలుపెట్టింది. నేను పక్కనే కూర్చుని పొద్దుకు కాపలా కాసిన. దండ మొత్తం పూర్తయింది, ముడి కూడా పడింది, పొద్దేమో ఇంకా చింతచెట్టు కొమ్మల మీదే ఉంది.

"గుచ్చుడు అయిపోయిందిగా అవ్వా. సామెత అబద్ధమే కదా?"

"పొద్దుంటది బిడ్డా. పూసలు గుచ్చుకుంట కూసునే తీరిక ఎవలకున్నది, అది సూడు" అన్నది.

ఆ జవాబు నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు లెక్క వేసి చూస్తే సగం అర్థమవుతున్నది.

లెక్క తేలని పొద్దు

ఆదిలాబాద్ పట్టణం భూమధ్యరేఖకు ఉత్తరాన 19.67 డిగ్రీల దగ్గర ఉంది. ఇవాళ ఇక్కడ పొద్దు పొడిచింది సుమారు 6.45కు, గూకేది 5.43 ప్రాంతంలో. అంటే పగలు పదకొండు గంటలకు రెండు మూడు నిమిషాలు తక్కువ. జూన్‌లో వచ్చే అన్నింటికన్నా పొడుగైన పగటితో పోల్చినా తేడా రెండు గంటల ఇరవై నిమిషాలే. కరీంనగర్‌కు దిగితే ఇంకో నాలుగైదు నిమిషాల వెలుగు దొరుకుతుంది. లండన్‌లో ఇవాళ పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు. నార్వేలోని ట్రోమ్సోలో నవంబర్ చివరి నుంచి జనవరి నడుమ దాకా సూర్యుడు దిగంతం మీదికే రాడు. అక్కడి మనిషి ఈ రోజును పండుగ చేసుకున్నాడంటే, పొద్దు మళ్లీ వస్తుందో రాదో అన్న భయం దాని వెనుక ఉంది. మనకు ఆ భయం ఎన్నడూ లేదు. మన పొద్దు ఎక్కడికీ పోదు, కొంచెం వంగుతుంది అంతే.

ఆ వంగడం చూడాలంటే మధ్యాహ్నం పన్నెండుం పావుకు వాకిట్లో నిలబడండి. ఆదిలాబాద్‌లో ఇవాళ్టి నడినెత్తి పొద్దు నిజానికి నడినెత్తిన ఉండదు, దక్షిణం వైపు 47 డిగ్రీల ఎత్తులోనే ఆగుతుంది. మీ నీడ ఇంచుమించు మీ అంత పొడుగు పడుతుంది. అదే వాకిట్లో మే 18 ప్రాంతంలో నిలబడితే మధ్యాహ్నం నీడ కాళ్ల కిందే మాయమవుతుంది.

మరి సామెత ఎందుకంత గోరంతను కొండంత చేసింది? జవాబు చేన్లో ఉంది. పోయిన వారం బేల మండలంలో ఒక ఊరికి పోయిన. అవతల పెన్‌గంగ, దాని అవతల మహారాష్ట్ర. పొద్దున ఏడున్నర అయింది. ఊరి మొదట్లో ఆరేడుగురు నెగడు చుట్టూ ఉన్నరు. కిందటేటి పత్తికట్టె, కొత్త కందికట్టె కలిపి మంట వేసిండ్రు. కూలికి పోవాల్సిన ఆడవాళ్లు కొంగులు చెవుల మీదికి లాక్కుని, చేతులు మంటకు చాపి కూర్చున్నరు. తొందర ఎవరికీ లేదు. డెబ్బై దాటిన ఒక కాక దగ్గర కూలబడి అడిగిన.

"ఏం కాకా, ఇయ్యాల పత్తి ఏరుడు లేదా?"

"ఎందుకు లేదు? మంచు ఆరాలె గదా."

ఇదీ సంగతి. డిసెంబర్ తెల్లారుజామున విచ్చుకున్న పత్తికాయ తడిసిన దూదిలా ఉంటుంది. దాన్ని అట్లాగే ఏరి సంచిలో కుక్కితే తేమ పట్టి మెత్తబడుతుంది, రంగు పోతుంది. పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ వాళ్లు మద్దతు ధరకు కొనేటప్పుడు తేమ కొలుస్తరు. 8 శాతం లోపు ఉంటేనే పూర్తి ధర. పొడుగు పింజ పత్తికి 2025-26 సీజన్‌లో మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ఎనిమిది దాటితే శాతానికి శాతం కోత, 12 దాటితే కొనరు. ఏరేవాళ్లకు కూలి కిలో లెక్కన. తడిసిన పత్తి బరువు తూగుతుంది కాబట్టి తొందరగా దిగితే కూలీకి లాభం, రైతుకు నష్టం. నెగడు దగ్గర ఈ మాట ఎవరూ పైకి అనరు, కానీ ఎండ ఎప్పుడెక్కిందని తేల్చేది చేను గలాయనే. పొద్దు మంచును తాగేసరికి తొమ్మిది, ఒక్కోనాడు పది. సాయంత్రం పొద్దు గూకితే కాయ కనిపించదు. నడుమ బువ్వ తినేది, సంచులు మోసేది తీసేస్తే చేతికి మిగిలేది ఆరేడు గంటలు.

పంచాంగం కొలిచేది సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా. సామెత కొలిచేది మంచు ఆరిన దగ్గర నుంచి వేళ్లు కనపడకుండా పోయే దాకా. అవ్వ అన్నది ఈ రెండో పొద్దు గురించే.

మంట ముందు గంట

ఆదిలాబాద్‌లో చలికాలపు విశ్రాంతి ఎక్కడుందని అడిగితే నేను ఈ గంటన్నరనే చూపిస్త. ఇది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. చేనే ఇవ్వక తప్పని గంట. డిసెంబర్ మన దగ్గర తీరిక నెల కానే కాదు. పత్తి రెండో ఏరుడు, మూడో ఏరుడు, కంది కోత, శనగకు తడి, జొన్నకు కాపలా అన్నీ ఒకేసారి మీద పడే నెల ఇది. మంచుదేశాల్లో నేల గడ్డకట్టి పని ఆగిపోతుంది. అందుకే వాళ్ల విశ్రాంతి నెలల లెక్కన ఉంటుంది. మన దగ్గర నేల ఆగదు. ఆగేది పొద్దున పూట ఒక్కటే.

ఆ పూటకు దాని సరంజామా దానికుంది. ఉప్పేసి ఉడకబెట్టిన కందికాయలు ఒడిలో పోసుకుని ఒలుచుకుంట తినాలె. జొన్నరొట్టె మీద పచ్చిమిరపకాయ తొక్కు ఉండాలె. నల్లటి చాయ్ ఉండాలె. పక్కనే మేకపిల్లను గొంగట్లో చుట్టుకుని కూర్చున్న పిలగాడు ఒకడుండాలె. ఆ గొంగడి కురుమలు నేసింది, దక్కనీ గొర్రె ఉన్నిది. చింతగింజల గంజి పట్టిస్తే అది చలినే కాదు, వానను కూడా ఆపుతుంది. ఇప్పుడు ఊళ్లల్లో అది అరుదైపోయింది. పట్టణంలో రోడ్ల పక్కన నేపాలీలు పరిచే స్వెట్టర్లు దాని జాగాను తీసుకున్నయి. పట్టణం నెగడు కూడా మారింది. బస్టాండు మూలన పాత టైరు ముక్క వేసి కాగుతున్నరు. దాని వాసనకు చలే నయమనిపిస్తుంది.

బొంత గురించి ఒక మాట చెప్పాలె. పాత చీరలు మడతల మీద మడతలు వేసి, పెద్ద సూదితో వరుసలు వరుసలుగా కుట్టిన బొంత లేని ఇల్లు ఈ జిల్లాలో తక్కువ. వాటిని కుట్టేది ఎప్పుడంటే, పుష్యం మధ్యాహ్నం ఎండపొడలో. అన్నం తిన్నాక ఆడవాళ్లు గోడకు వీపు ఆనించి, కాళ్లు చాపి, బొంత ఒడిలో వేసుకుంటరు. చూసేవాళ్లకు అది తీరిక. ఆడవాళ్ల విశ్రాంతికి మన దగ్గర ఎప్పటినుంచో ఉన్న అర్థం ఇదే, కూర్చుని చేసే పని. మా అవ్వ పూసలు గుచ్చింది కూడా ఇట్లాంటి మధ్యాహ్నమే. దండ తెగకపోయి ఉంటే ఆమె ఆ పూట కూర్చునేది కాదు.

చలి ఇక్కడే ఇంతగా ఎందుకు పడుతుందని హైదరాబాద్ వాళ్లు అడుగుతరు. తెలంగాణకు ఉత్తరపు అంచు ఇది. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ మూడు వందల కిలోమీటర్లు, నాగపూర్ రెండు వందలే. సముద్రం రెండు దిక్కులా దూరం కాబట్టి పగటి వేడిని రాత్రికి దాచిపెట్టే తేమ గాలిలో ఉండదు. మబ్బు లేని రాత్రి నేల తన వేడినంతా ఆకాశానికి వదిలేస్తుంది. చల్లబడి బరువెక్కిన గాలి గుట్టల మీది నుంచి లోయల్లోకి జారి నిలుస్తుంది. సిర్పూర్ (యు), తిర్యాణి, గిన్నెధరి పేర్లు ప్రతి డిసెంబర్‌లో వార్తల్లోకి రావడానికి కారణం అదే. గట్టి చలి పడిన ఏడు అక్కడ నాలుగైదు డిగ్రీలకు దిగుతుంది. అట్లాంటప్పుడు బడి వేళను కొంచెం వెనక్కి జరుపుతుంటరు. ఆశ్రమ పాఠశాలల్లో పొద్దున అయిదింటికి చన్నీళ్లతో తానం చేసే పిల్లలకు, ఈ వ్యాసంలో నేను మురిసిపోతున్న చలి మురిపెంగా ఉండదు. మందపాటి దుప్పటి, వేడినీళ్లు ఉన్నవాడికే చలి అందం.

ఏ ముహూర్తమూ లేని నెల

పుష్యాన్ని శూన్యమాసం అంటరు. పెళ్లిళ్లుండవు, గృహప్రవేశాలుండవు. ఈసారి దానికి శుక్రమూఢం కూడా తోడైంది. శుక్రుడు సూర్యుడి వెనుకకు పోయి కనపడకుండా ఉన్నడు కాబట్టి ఫంక్షన్ హాళ్లకు తాళాలే. శూన్యం అనగానే అశుభం అనుకోవడం మనకు అలవాటైపోయింది. నాకు మాత్రం ఇది మన పెద్దలు చాలా తెలివిగా రాసిపెట్టుకున్న సెలవు చిట్టీలా కనిపిస్తుంది. ఈ నెల పొడుగూ ఎవరూ మిమ్మల్ని దేనికీ పిలవలేరు. కట్నం చదివించే పని లేదు, పట్టుచీర కట్టే పని లేదు, అప్పు చేసి విందు పెట్టే పని లేదు. పంట చేతికొచ్చే నెలలో, ఆ పంట పైసలు పెళ్లి ఖర్చుల్లోకి పోకుండా ఒక్క నెలైనా ఆపిన ఏర్పాటు ఇది. కావాలని చేసిండ్రో, కలిసొచ్చిందో నేను చెప్పలేను.

మన క్యాలెండర్‌లో శూన్యమైన ఈ నెలే గోండులకు ఏడాదిలోకెల్లా నిండు నెల.

పుష్యం నెలవంక కనపడిందంటే ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో మెస్రం వంశీయుల పని మొదలైనట్టే. ముందు కచ్చురం, అంటే ఎడ్లబండి, ఊరూరికీ తిరిగి వాళ్ల దేవుడు నాగోబా జాతర కబురు చెబుతుంది. తర్వాత గంగాజలం కోసం పాదయాత్ర. చెప్పులు లేకుండా, తెల్లబట్టల్లో, ఝరి అనే పాత్ర పట్టుకుని, జన్నారం మండలంలో గోదావరి ఒడ్డునున్న హస్తలమడుగు దాకా రోజుల తరబడి నడుస్తరు. ఆ నీళ్లతో మళ్లీ నడిచే వస్తరు. కేస్లాపూర్ మర్రిచెట్ల కింద బస చేసి, పుష్య అమావాస్య అర్ధరాత్రి ఆ నీళ్లతోనే నాగోబాకు మహాపూజ చేస్తరు. ఈసారి ఆ అమావాస్య జనవరి 18న, అదీ ఆదివారమే.

నాకు ఆ జాతరలో అన్నిటికన్నా నచ్చేది దేవుడి దగ్గర కాదు, మెస్రం కుటుంబాలు వండుకునే గోవాడ్‌లో కనిపిస్తుంది. అక్కడ 22 పొయ్యిలుంటయి. మెస్రం కుటుంబాలు వందల్లో వచ్చినా, వేలల్లో వచ్చినా పొయ్యిలు ఇరవై రెండే. ఒకరి వంట దిగినాక ఇంకొకరి కుండ ఎక్కాలె. వండే కుండలు సిరికొండ కుమ్మరుల దగ్గర చేయించిన కొత్తవి. తొందరపడి చేయడానికి అక్కడ ఏ పనీ కుదరదు, వంతు కోసం కూర్చోవాల్సిందే. వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్లను దేవుడికి చూపించే భేటింగ్ కూడా ఆ రాత్రి తర్వాతే. మెస్రం వాళ్లు తమలో తాము చందాలు వేసుకుని కట్టుకున్న రాతిగుడి 2022 డిసెంబర్‌లో తెరుచుకుంది. జాతర చివరికి వచ్చేసరికి దర్బారు జరుగుతుంది, మంత్రులు, కలెక్టర్లు వస్తరు, దరఖాస్తుల కట్టలు పెరుగుతయి. పత్రికల్లో ఫొటో వచ్చేది దానిదే.

ఆ దర్బారును మొదలుపెట్టించినాయన కథ 1940లలోది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం చనిపోయినాక, గోండులు ఎందుకు తిరగబడ్డరో తెలుసుకోవడానికి నిజాం సర్కారు ఒక మానవ శాస్త్రవేత్తను పంపింది. పేరు క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్, 1909లో వియన్నాలో పుట్టినవాడు. డిసెంబర్ నడుమ వియన్నాలో పగలు ఎనిమిదిన్నర గంటలు కూడా ఉండదు. అట్లాంటి చీకటి ఎరిగినాయన, భార్య బెట్టీతో కలిసి వచ్చి జైనూర్ మండలం మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నడు. ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద ఆయన పుస్తకం 1948లో వచ్చింది. బెట్టీ 1987 జనవరిలో హైదరాబాద్‌లో చనిపోతే సమాధి మార్లవాయిలోనే కట్టిండ్రు. ఏటా జనవరి 11న ఊరోళ్లు ఆ దంపతులను తలుచుకుంటరు. అది కూడా చలి నడుమే, ఎక్కువసార్లు పుష్యంలోనే వస్తుంది.

నాగోబా ఒక్కటే కాదు. కెరమెరి మండలం అడవిలో మహారాష్ట్ర సరిహద్దున జంగుబాయి గుహ ఉంది. ఎనిమిది గోత్రాల వాళ్లు పుష్యం నెలంతా అక్కడికి వస్తరు. నార్నూర్‌లో ఖాందేవ్ జాతర పుష్య పౌర్ణమికి మొదలవుతుంది. ఈసారి పౌర్ణమి జనవరి 3న పడింది. అక్కడ తొడసం వంశం ఆడబిడ్డ ఒకామె మొక్కుగా నువ్వులనూనె తాగుతుంది, చెంచాల లెక్కన కాదు, కిలోల లెక్కన. మనం సంక్రాంతికి సకినాలల్లో నువ్వులు వేసుకుంటం, వాళ్లు నూనెనే దేవుడి ముందర పెట్టుకున్నరు. చలికి ఒంట్లో వేడి కావాలన్న సంగతి ఇద్దరికీ తెలుసు.

ఇదంతా చూసినంక విశ్రాంతి అంటే పడుకోవడం అన్న మాట మీద నాకు నమ్మకం పోయింది. చెప్పులు లేకుండా మంచులో పదిరోజులకు పైగా నడిచేవాళ్లను విశ్రాంతి తీసుకుంటున్నరని ఎట్లంటం? కానీ ఆ రోజుల్లో వాళ్లు ఎవరి కూలికీ పోరు, ఎవరికీ పత్తి తూచరు.

ఆగని పనులు

కరీంనగర్ దిక్కు పోతే పుష్యం వేరు. శ్రీరాంసాగర్ నీళ్లు కాకతీయ కాలువ పట్టుకుని దిగువకు వచ్చిన దగ్గర నుంచి అక్కడ యాసంగి వరి వానకాలంతో పోటీ పడుతున్నది. వానకాలం వడ్లు కల్లం దాటకముందే యాసంగి నారుమడి తయారు కావాలె. కానీ నారుకు చలి పడదు. రాత్రి పది డిగ్రీలకు దిగిందంటే మొలక ఎదగడం ఆపేసి పసుపు పచ్చగా ముడుచుకుంటుంది. రైతు సాయంత్రం మడిలో నీళ్లు తీసేస్తడు, పొద్దున కొత్త నీళ్లు పెడతడు, రాత్రిపూట కర్రలు పాతి పైన పట్టా కప్పుతడు. తను కప్పుకునే దుప్పటికన్నా ముందు నారుకు పట్టా వెతుకుతడు. నారు మాత్రం, నాకిప్పుడు పొద్దు చాలదు అని మొండికేసి కూర్చుంటది. ఈ జిల్లాల్లో ఉత్తరాయణం దాకా ఆగే హక్కును గట్టిగా వాడుకుంటున్నది నారొక్కటే అనిపిస్తుంది.

గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లిలో ఇంకో లెక్క. సింగరేణి బాయిల్లోకి దిగినవాడికి ఆయనమేంటి, పొద్దేంటి? మొదటి షిఫ్టు వాళ్లు ఇంట్లో చీకట్లోనే లేచి పోతరు. రాత్రి షిఫ్టు ఎక్కి వచ్చినాయన తెల్లారినంక తలుపులు వేసుకుని పగలును రాత్రి చేసుకుంటడు. ఆదివారం సెలవు నాడు పనికి పోతే దాన్ని అక్కడ ప్లేడే అంటరు, రెట్టింపు మస్టరు. ఆట రోజు అని పేరుపెట్టి పని చేయించుకునే ఆ మాట వెనుక ఎవరి నవ్వుందో తెలియదు గానీ, ప్లేడేలు దొరకలేదని కొట్లాడినవాళ్లే ఎక్కువ. విశ్రాంతికి ధర కట్టినప్పుడు పేదవాడు దాన్ని అమ్ముకుంటడు, తప్పు పట్టేదేముంది?

విశ్రాంతి మాట జగిత్యాల, నిర్మల్ దిక్కు నుంచి గల్ఫ్ పోయినవాళ్లకు ఇంకో తీరుగా తెలుసు. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 దాకా బయట ఎండలో పని చేయించకూడదని చట్టం. అంటే వాళ్లకు చట్టబద్ధమైన విశ్రాంతి ఎండాకాలానిది. నిజం చెప్పాలంటే మనదీ అంతే. మేలో 45 డిగ్రీలు దాటే ఆదిలాబాద్‌లో మనిషి నడుం వాల్చక తప్పని కాలం వైశాఖం మధ్యాహ్నం. అయితే అది అలసట నిద్ర, చెమట నిద్ర. చలికాలపు నిద్ర వేరు. 2015లో వచ్చిన ఒక పరిశోధన కరెంటు లేకుండా బతికే మూడు సమాజాల నిద్రను కొలిచింది. వాళ్లలో నమీబియాకు చెందిన సాన్ జనం కూడా ఉన్నరు. భూమధ్యరేఖకు మనం ఉత్తరాన ఎంత దూరమో వాళ్లు దక్షిణాన ఇంచుమించు అంతే దూరం. చలికాలంలో నిద్ర దాదాపు గంట ఎక్కువని తేలింది. ఇంకో చిత్రం ఏమంటే, నిద్రను నడిపేది చీకటి కన్నా గాలి చల్లబడే తీరు అని పరిశోధకులు చెప్పిండ్రు. రాత్రి చల్లబడుతున్నంత సేపు నిద్ర, చలి అడుగు తాకేసరికి మెలకువ. నెగడు దగ్గరి కాక ఈ మాట వింటే, దీనికి పరిశోధన ఎందుకు బిడ్డా అంటడు.

ఎవరి ఉత్తరాయణం?

పొద్దు ఇవాళే మళ్లుతుంటే సంక్రాంతి జనవరి నడుమ దాకా ఎందుకు ఆగుతుంది? భూమి ఇరుసు బొంగరం లాగ మెల్లగా ఊగుతుంది. ఆ ఊగుడుకు, నక్షత్రాలను పట్టుకుని లెక్కించే మన మకర సంక్రమణం, పొద్దు మలుపు నుంచి సుమారు 71 ఏండ్లకు ఒక రోజు చొప్పున దూరం జరుగుతూ వస్తున్నది. సుమారు పదిహేడు వందల ఏండ్ల కిందట రెండూ ఒకేనాడు ఉండేవి. ఇప్పుడు ఇరవై నాలుగు రోజుల ఎడం. మేఘనాథ్ సాహా అధ్యక్షతన వేసిన క్యాలెండర్ సంస్కరణ సంఘం దీన్ని సరిచేయాలని చూసింది. 1957 మార్చి 22 నుంచి అమల్లోకి వచ్చిన మన జాతీయ క్యాలెండర్‌లో పౌషమాసం డిసెంబర్ 22న మొదలవుతుంది. అంటే రేపే. గెజిట్‌లో, రేడియోలో తప్ప ఆ తేదీ ఎవరి గోడ మీదా కనిపించదు. పండుగను కదిలించడం ప్రభుత్వాల వల్ల అయ్యే పని కాదు.

అందరికన్నా ఎక్కువగా ఈ మలుపు కోసం ఎదురుచూసినవాడు భీష్ముడు. భారతం లెక్కన అంపశయ్య మీద యాభై ఎనిమిది రాత్రులు. ఇరాన్‌లో ఇవాళ్టి రాత్రిని యల్దా అంటరు. దానిమ్మలు, పుచ్చకాయలు ముందు పెట్టుకుని, పెద్దలు కవిత్వం చదువుతుంటే రాత్రంతా మేలుకుంటరు. 2022లో యునెస్కో దాన్ని మానవాళి వారసత్వంలో చేర్చింది. పొడుగు రాత్రిని నిద్రపోకుండా గడపడం వాళ్ల తీరు. నెగడు దగ్గర మనవాళ్లు పొద్దున చెప్పుకునే ముచ్చట్లు వాళ్లు రాత్రి చెప్పుకుంటున్నరు.

సంక్రాంతిని డిసెంబర్‌కు జరపాలని ఉత్సాహపడేవాళ్లకు మన పొద్దు నడక చెప్పే ఒక మాట ఉంది. పొడుగు రాత్రి ఇవాళే అయినా, అన్నింటికన్నా ముందుగా పొద్దు గూకిన రోజు ఎప్పుడో నవంబర్ చివర్లోనే పోయింది. అప్పుడు ఆదిలాబాద్‌లో 5.36కే చీకటి మొదలైంది, ఇవాళ ఏడు నిమిషాలు ఎక్కువ. అన్నింటికన్నా ఆలస్యంగా పొద్దు పొడిచే రోజులు మాత్రం ఇంకా రాలేదు. అవి సంక్రాంతి దగ్గర వస్తయి, సూర్యోదయం 6.53 ప్రాంతంలో. భోగి మంట వేసే తెల్లారుజాము ఏడాదిలో అన్నింటికన్నా ఆలస్యపు తెల్లారుజాముల్లో ఒకటి. ఆ మంటను ఎప్పుడు వేయాలో తేల్చినవాళ్లు గడియారం చూసి తేల్చలేదు. రథసప్తమికి పొద్దు రథం మళ్లిందని, శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని చెప్పినవాళ్లు కూడా ఒంటితోనే కొలిచిండ్రు.

అంటే ఇవాళ రాత్రి మలుపు తిరిగినా, పొద్దున పూట మంచం మీద ఉండే గడువు ఇంకో మూడు వారాలకు పైగా పెరుగుతూనే పోతుంది. పోయిన వారం నెగడు దగ్గర ఈ సంగతి విన్న కాక పత్తికట్టెతో నెగడును కదిలించి, ఇంకో కందికట్టె మోపును దగ్గరికి లాక్కున్నడు. అప్పటికి తొమ్మిది కావొస్తున్నది. చేను గలాయన లేచి ఒక పత్తికాయను వేళ్లతో నలిపి చూసి, మళ్లీ వచ్చి కూర్చున్నడు. నేను సెలవు తీసుకుంటుంటే కాక అన్నడు.

"సోమారం రా బిడ్డా, కందికాయ ఉడకబెడ్తం. పొద్దుగాల్నే ఉరుక్కుంట రాకు. జర ఆలిస్యంగ రా."